గణితంలో ఏ స్థాయి కోర్సు ఎంచుకోవాలి?

ఉన్నత పాఠశాలలో గణితం స్థాయిని నిర్ణయించుకునేటప్పుడు మార్కులు ఎన్ని వచ్చాయన్నదానికంటే అవి ఎలా వచ్చాయన్నది చూడాలి. 2/3కు 1/4 కలిపితే 11/12 ఎందుకవుతుందో, 3/7 ఎందుకు కాదో విద్యార్థి పుస్తకం మూసి తన మాటల్లో వివరించగలిగితే పునాది గట్టిగా ఉన్నట్టే. సూత్రం గుర్తుండి కారణం తెలియకపోతే, నూటికి తొంభై వచ్చినా పై స్థాయి బీజగణితంలో తడబాటు తప్పదు. ఇంజినీరింగు, భౌతికశాస్త్రం చదవదలచినవారు కలన గణితానికి దారితీసే కోర్సును, మనస్తత్వశాస్త్రం వంటివాటిపై ఆసక్తి ఉన్నవారు సాంఖ్యకశాస్త్రానికి చోటిచ్చే కోర్సును ఎంచుకోవడం మేలు. స్నేహితులు చేరారని చేరడం మాత్రం, నా దృష్టిలో, అన్నిటికంటే బలహీనమైన కారణం. సందేహంగా ఉంటే, కోర్సు మార్చుకోవడానికి గడువెంతో ఉపాధ్యాయుణ్ణి ముందే అడగాలి. ఎందుకంటే కిందికి దిగడం సాధారణంగా సులువే గాని, పైకి ఎక్కాలంటే నడుమ తప్పిపోయిన పాఠాలన్నీ సొంతంగా నేర్చుకోవలసి వస్తుంది.