మూతపడ్డ రేవును మళ్లీ వాడుకలోకి తేవాలంటే: ముందు మట్టి, తర్వాతే మొక్కలు

ఓడల యార్డో, గ్యాస్ ప్లాంటో, గోదాములో మూతపడ్డ ఒడ్డును పార్కుగా మార్చాలంటే ముందు పాత మ్యాపులు వెతకండి. ట్యాంకులు ఎక్కడుండేవి, బొగ్గు ఎక్కడ పోసేవారు, ఓడల రంగు ఎక్కడ గీకేవారు అన్నీ గుర్తుపెట్టుకోండి. అనుమానమున్న చోట 10 మీటర్లకొకటి, మిగతాచోట 25 మీటర్లకొకటి చొప్పున, అసలు నేల తగిలేదాకా మట్టి నమూనాలు తీయండి. రేవుల్లో పైనున్నది చాలావరకు నింపుడు మట్టే: బూడిద, ఇటుక ముక్కలు, చిట్టెం (లోహం కరిగించగా మిగిలే వ్యర్థం). సీసం, ఆర్సెనిక్, బొగ్గు తారు, నూనెల కోసం పరీక్షించాలి. ఓడల యార్డయితే ఒడ్డు బురదలో ట్రైబ్యుటైల్ టిన్ (పాత ఓడల రంగుల్లో కలిపిన విషం) కూడా చూడాలి.

భూగర్భజలం ఎటు పారుతోందో తెలియాలంటే కనీసం 3 పరిశీలన బావులు కావాలి, అవీ వరుసగా కాదు, త్రిభుజంలా. ఆటుపోట్లుంటే ఒక్కసారి కొలిచి నమ్మకండి. మట్టాన్ని దానంతటదే నమోదు చేసే మీటరును 15 రోజులు బావిలోనే ఉంచండి.

ఇక ఒడ్డుగోడ. ఉక్కు షీట్‌పైళ్ల (గోడగా నేలలోకి దించిన ఉక్కు పలకల) పైభాగం తుప్పు చూసి అందరూ కంగారుపడతారు. అసలు ముప్పు ఆటు సమయంలో నీరు బాగా తగ్గే మట్టం దగ్గర ఉంటుంది. అక్కడ నారింజ రంగు మెత్తటి పొరను గీకండి. కింద నల్లటి జిగురు, దాని కింద గుంటలుపడి మెరిసే ఉక్కు కనిపిస్తే అది బ్యాక్టీరియా తినేస్తున్న గోడ. అల్ట్రాసోనిక్ గేజ్‌తో మందం కొలవకుండా దానిమీద మట్టి భారం వేయకండి. చెక్క స్తంభాలకు ఇంకో చిక్కుంది: ఉప్పునీరు శుభ్రపడేకొద్దీ చెక్కను తొలిచే పురుగులు తిరిగొస్తాయి. న్యూయార్క్ రేవులో జరిగింది ఇదే.

తవ్వి తీయలేని మట్టిని కప్పాలి. ముందు కొట్టొచ్చే రంగు జియోటెక్స్‌టైల్ (నేలలో పరిచే గట్టి గుడ్డ) పరవండి, రేపు తవ్వేవాడికి అదే హెచ్చరిక. దానిమీద పచ్చికకు 60 సెంటీమీటర్లు, చెట్లకు మీటరు నుంచి మీటరున్నర శుభ్రమైన మట్టి.

చాలామంది పొరపాటు చేసేది వాననీటి దగ్గర. ఇంకుడు తోట మంచిదే, కానీ విషపు మట్టిలో నీరు ఇంకిస్తే ఆ విషాన్ని మనమే నదిలోకి తోసినట్టు. అందుకే తోట అడుగున హెచ్‌డీపీఈ (నీరు దిగని గట్టి ప్లాస్టిక్) షీటు, దానిమీద కంకరలో చిల్లుల పైపు, ఆపైన 60 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం వేయండి. షీటు అతుకులను నీళ్లు నింపి పరీక్షించాకే పైన కప్పండి.

విల్లో, పోప్లర్ చెట్లు కొన్ని నూనెలను, లోహాలను లాగుతాయి, కానీ ఏళ్లు పడుతుంది. సీసాన్ని దాదాపు ముట్టవు. లోహాలున్న చోట కోసిన కొమ్మలు ఎరువుకు పనికిరావు. పాత గ్యాస్ ప్లాంటు స్థలంలో వచ్చిన సియాటిల్ గ్యాస్ వర్క్స్ పార్కులో, దాని రూపశిల్పి రిచర్డ్ హాగ్ మురుగు బురద, రంపపు పొట్టు కలిపి మట్టిని దున్నించి, అందులోని సూక్ష్మజీవులతో నూనెను తినిపించారు. పార్కు 1975లో తెరిచినా శుద్ధి పనులు అంతటితో ముగియలేదు. అందుకే పరిశీలన బావుల ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే, పార్కు తెరిచాక గడిచే ఏళ్లకు కూడా కలిపి రాయండి.