విదేశంలో సైన్స్ పీహెచ్‌డీ, మూడో పాఠం: ప్రొఫెసర్ దగ్గర డబ్బుందా?

గత పాఠంలో మీ సబ్జెక్టుకు దగ్గరగా పనిచేసే ప్రొఫెసర్ల పేర్లు ఒక షీట్‌లో రాసుకోమన్నాను. ఒక్కొక్కరివి కనీసం రెండు పేపర్లు చదివి, పేరు పక్కన నాలుగు ముక్కలు రాయమన్నాను. ఆ షీట్ తెరవండి. ఇవాళ దానికి ఇంకో గడి కలుపుదాం: ఈ ల్యాబ్‌కు డబ్బు ఎవరిస్తున్నారు, ఎప్పటిదాకా ఇస్తారు?

మనవాళ్లు ‘ఫుల్ స్కాలర్‌షిప్’ అని వెతుకుతూ కూర్చుంటారు. సైన్స్‌లో ఎక్కువమంది పీహెచ్‌డీ విద్యార్థులు అలాంటి స్కాలర్‌షిప్ మీద చదవరు. చేసే పనికి వాళ్లకు జీతం వస్తుంది. అమెరికాలో బీఎస్సీ స్థాయి పిల్లల ల్యాబ్ క్లాసులు చూసుకున్నందుకు డిపార్ట్‌మెంట్ ఇచ్చేది టీఏ (టీచింగ్ అసిస్టెంట్‌షిప్). ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేస్తే ఆయన పరిశోధనకు వచ్చిన నిధిలోంచి, అంటే గ్రాంట్‌లోంచి, వచ్చేది ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్). ఏ దారిలో వెళ్లినా ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది, చాలాచోట్ల హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఇస్తారు. కెమిస్ట్రీలో సాధారణంగా మొదట్లో టీఏ, తర్వాత ఆర్ఏ. ఎంఎస్‌కు అప్పు చేసి వెళ్లినవాళ్లను చూసి పీహెచ్‌డీకి కూడా లక్షలు కావాలేమో అని ఇంట్లోవాళ్లు భయపడతారు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీకి వెళ్లి అడిగితే ‘ముందు ఎంఎస్ చేయండి’ అంటారు. ఎంఎస్ సీటు మీద వాళ్లకు కమీషన్ ఉంటుంది, పీహెచ్‌డీ మీద ఏముంటుంది!

టీఏ మొదట్లో గట్టెక్కిస్తుంది. తర్వాతి మూడు నాలుగేళ్లు నడిపించేది గ్రాంటే. ఆ గ్రాంట్ వివరాలు రహస్యమేమీ కాదు. ప్రజల పన్నుల డబ్బు కాబట్టి అందరికీ కనబడేలా పెడతారు. లాగిన్ అక్కర్లేదు, ఫీజు లేదు.

బయాలజీ, బయోకెమిస్ట్రీ, మెడిసినల్ కెమిస్ట్రీ వాళ్లు ‘ఎన్ఐహెచ్ రిపోర్టర్’ తెరవండి, అది అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ సైటు. ప్రొఫెసర్ పేరు కొట్టండి. ప్రాజెక్టుల వరుస వస్తుంది. ఒక్కో ప్రాజెక్టుకు పొడవాటి నంబర్ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే దాటేస్తారు, అసలు కథ అక్కడే ఉంది. నంబర్ మొదట్లో ఉన్న అంకె 1 అయితే గ్రాంట్ కొత్తది. 2 అయితే పాత గ్రాంట్ మళ్లీ పోటీపడి గెలిచినది. 5 అయితే మధ్యలో నడుస్తున్నది. ఆ తర్వాత ‘ఆర్01’ అని కనబడితే అది పెద్ద పరిశోధన గ్రాంట్, చాలావరకు నాలుగైదేళ్లది. చివర గీత తర్వాత వచ్చే రెండంకెలు ఎన్నో ఏడాదో చెబుతాయి.

ఇప్పుడు చదివి చూడండి. మొదట 5, చివర 04 ఉందనుకోండి. గ్రాంట్ నాలుగో ఏడాదిలో ఉంది, ఐదేళ్లదే అయితే మిగిలింది ఇంకో ఏడాది. మీరు 2027 ఆగస్టులో చేరితే, మీకు ఆర్ఏ కావలసింది 2028లోనో ఆ తర్వాతో. అప్పటికి ఈ డబ్బు అయిపోతుంది. అంతమాత్రాన ఆ పేరు కొట్టేయకండి, ఆయన రెన్యువల్‌కు వేసి ఉండొచ్చు. పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. అదే మొదట 2, చివర 06 కనబడితే సంతోషించండి: ఐదేళ్లు పూర్తయ్యాక మళ్లీ గెలిచి, రెండో విడత ఇప్పుడే మొదలైంది. విద్యార్థుల అవసరం పడే సమయం అదే.

నంబర్ అయ్యాక సారాంశం చదవండి. ఇందులో చాలావరకు రెండు మూడు లక్ష్యాలు విడివిడిగా రాసి ఉంటాయి. అదే పేజీలో ఆ గ్రాంట్ మీద వచ్చిన పేపర్ల జాబితా కూడా ఉంటుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టండి. మొదటి లక్ష్యం మీద మూడు పేపర్లు వచ్చాయి, మూడోదాని మీద ఒక్కటీ లేదనుకోండి. కొత్తగా వచ్చే విద్యార్థికి అప్పగించే పని ఆ మూడోదే కావచ్చు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

ఫిజిక్స్, కెమిస్ట్రీ, మేథ్స్, జియాలజీ వాళ్లకు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సైటు ‘ఎన్ఎస్ఎఫ్ అవార్డ్ సెర్చ్’. గ్రాంట్‌నే ఇక్కడ అవార్డు అంటారు. ఇక్కడ మొదలైన తేదీ, ముగిసే తేదీ నేరుగా ఇస్తారు కాబట్టి పని తేలిక. ‘కెరీర్’ అని ఉన్న అవార్డు యువ ప్రొఫెసర్లకు ఇచ్చేది, ఐదేళ్లది.

ఈ రెండిట్లోనూ కనబడని డబ్బు ఒకటుంది. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ల్యాబ్ పెట్టుకోవడానికి యూనివర్సిటీయే కొంత సొమ్ము ఇస్తుంది. పేరు కొడితే ఒక్క గ్రాంటూ రాదు, కానీ ఆయనకు మనుషులు కావాలి, అదీ వెంటనే కావాలి. పెద్ద పేరున్న ప్రొఫెసర్ల వెంట అందరూ పడతారు. చేరి రెండేళ్లు కూడా కాని వాళ్లకు రాసేవాళ్లు తక్కువ. మీ షీట్‌లో అలాంటివాళ్లు మూడో వంతైనా ఉండాలని నా అభిప్రాయం.

ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా చెప్పాలి. ఎన్ఎస్ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, ఎన్ఐహెచ్ ‘టీ32’ ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకే. కొన్ని బయాలజీ ప్రోగ్రాములు మొదటి ఏడాది విద్యార్థులను ఎక్కువగా టీ32 మీదే నడుపుతాయి. అలాంటిచోట విదేశీయుల సీట్లు సహజంగానే తగ్గుతాయి. మీలో లోపం ఉండి కాదు. ఆర్01 మీద ఇచ్చే ఆర్ఏకు ఈ పౌరసత్వం గొడవ లేదు. ఇంకోటి: 2025లో నడుస్తున్న ఫెడరల్ గ్రాంట్లు కొన్ని మధ్యలో ఆగిపోయాయి, కొన్నిచోట్ల ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్నారు. అందుకే ఈ గడి ఒకసారి నింపి వదిలేయొద్దు. జులైలో చూసినదాన్ని నవంబరులో మళ్లీ చూడండి.

యూరప్ లెక్క వేరు. జర్మనీలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగం. ప్రకటనలో ‘టీవీ-ఎల్ ఈ13, 65 శాతం’ అని ఉంటే జీతంలో కోత పెట్టారని కంగారుపడకండి. అది ప్రభుత్వ జీతాల పట్టికలో ఒక మెట్టు, అందులో 65 శాతం ఇస్తారని అర్థం. పని మాత్రం నూటికి నూరు శాతం ఉంటుంది, అది వేరే సంగతి. అక్కడి పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీ గ్రాంట్లు ‘గెప్రిస్’ అనే సైటులో, యూరోపియన్ యూనియన్ గ్రాంట్లు ‘కోర్డిస్’ సైటులో దొరుకుతాయి. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ ‘స్టార్టింగ్ గ్రాంట్’ అంటే సాధారణంగా ఐదేళ్లకు 15 లక్షల యూరోల దాకా. అది కొత్తగా గెలిచినవాళ్లు మనుషులను తీసుకోకుండా ఉండలేరు. ఫలితాల జాబితా రాగానే మీ సబ్జెక్టు పేర్లు ఏరుకోండి.

యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ పీహెచ్‌డీ ఉద్యోగాలకు ఒక నియమం ఉంది: చేరే ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి, చేరబోయే దేశంలో ఉండకూడదు. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు ఇది అడ్డే కాదు. జర్మనీలో రెండేళ్లు ఎంఎస్ చేసి, వెంటనే జర్మనీలోనే చేరదామనుకునేవాళ్లకే తంటా. వాళ్లు నెదర్లాండ్స్‌లోనో డెన్మార్క్‌లోనో ఉన్న ఉద్యోగాలు చూసుకోవాలి.

బ్రిటన్ ప్రకటనల్లో ఒక్క మాట వెతకండి: ‘హోమ్ ఫీజు మాత్రమే’. అలా ఉంటే బ్రిటన్ విద్యార్థి కట్టే ఫీజు వరకే వాళ్లిస్తారు, విదేశీ విద్యార్థి మిగతా ఫీజు సొంతంగా కట్టుకోవాలి, అది చిన్న మొత్తం కాదు. ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్ఐ నిధులిచ్చే సీట్లలో ఆ తేడా విద్యార్థి దగ్గర వసూలు చేయకూడదు. అయితే వాటిలో విదేశీయులకు 30 శాతం హద్దు ఉంది.

ఇదంతా తెలుసుకున్నాక ఈమెయిల్ ఎలా మారాలో చూడండి. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్’ అని మొదలయ్యేవి రోజూ వాళ్లకు కుప్పలుగా వస్తాయి. మీరు ఇలా రాయండి: ఫలానా పేపర్‌లో ఈ ప్రొటీన్ వేడికి విడిపోతోందని చూపించారు. మీ ప్రాజెక్టు సారాంశంలో ఇదే ప్రశ్న కణం లోపల పరీక్షిస్తామన్నారు. నా ఎంఎస్సీ ప్రాజెక్టులో ఆరు నెలలు ప్రొటీన్ శుద్ధి చేశాను, ఈ పనిలో చేరాలని ఉంది. 2027 ఫాల్‌కు కొత్త విద్యార్థులను తీసుకునే ఆలోచన ఉందా? అంతే, నాలుగు వాక్యాలు. గ్రాంట్ మొత్తం ఎంతో మాత్రం ఎత్తకండి. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం గట్టిగా చదివినట్టుంటుంది.

అమెరికాలో చాలా ప్రోగ్రాముల్లో సీటు ఇచ్చేది కమిటీ, ఆ ప్రొఫెసర్ ఒక్కరే కాదు. ‘తీసుకుంటున్నాను, అప్లై చెయ్యి’ అని జవాబొస్తే అది సీటు కాదు. కానీ సుమారు వంద డాలర్ల అప్లికేషన్ ఫీజు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు. ‘ఈ ఏడాది తీసుకోవడం లేదు’ అన్నా మంచిదే, ఆ ఫీజు మిగిలింది.

ఈ వారం పని: షీట్‌లో మొదటి పది పేర్లకు గ్రాంట్ గడి నింపండి. ఎవరిస్తున్నారు, ఎప్పుడు ముగుస్తుంది, పేపర్ రాని లక్ష్యం ఏది. పేరుకు అరగంట పడుతుంది. మొదటి రెండు పేర్లకు ఒక్కోదానికి గంట పట్టినా టెన్షన్ పడకండి. ఈమెయిళ్లు ఇప్పుడే పంపొద్దు. వచ్చే పాఠంలో సీవీ సరిచేసుకున్నాక, దాన్ని జతచేసి పంపుదాం.