డిగ్రీలో ఉండగానే ఆర్గానిక్ ల్యాబ్‌లో రీసెర్చ్: మొదటి రియాక్షన్ ఎలా చేయాలి

డిగ్రీ రెండో ఏడాది ఆర్గానిక్ ప్రాక్టికల్ రికార్డును నేను ల్యాబ్‌లో అడుగు పెట్టకముందే పూర్తి చేసేశాను. హాస్టల్లో సీనియర్ అక్క రికార్డు తెచ్చుకుని రెండు రాత్రుల్లో మొత్తం ఎక్కించాను. ఆల్డిహైడ్, కీటోన్‌లను గుర్తించే డీఎన్‌పీ పరీక్ష దగ్గర "ఎర్రని అవక్షేపం ఏర్పడింది" అని రాశాను. ఆ అవక్షేపాన్ని కళ్లతో చూసింది మరో నెల తర్వాత. అది ఎర్రగా లేదు, నారింజ రంగులో ఉంది. రికార్డు మాత్రం దిద్దలేదు. క్లాసులో అందరం అలాగే చేశాం, మార్కులూ బాగానే వచ్చాయి.

ఆ వేసవిలో హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేసే అవకాశం దొరికింది. అక్కడ నాకు అన్నిటికంటే కష్టమైంది ఈ అలవాటు వదిలించుకోవడమే. ఇప్పుడు నేనే ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు నా దగ్గర ప్రాజెక్టు చేస్తారు. వాళ్లకి మొదటిరోజు చెప్పే మాటే మీకూ చెబుతాను. ప్రాక్టికల్‌లో జవాబు ముందే ఉంటుంది, రీసెర్చ్‌లో ఉండదు. అందుకని రావాల్సింది రాయకండి, వచ్చింది రాయండి.

చోటు సంపాదించడం

దీని గురించి ఎక్కువ చెప్పను. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్న మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవిలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి. నోటిఫికేషన్ ముందు ఏడాది చివర్లోనే వస్తుంది కాబట్టి దసరా సెలవుల నుంచే చూస్తూ ఉండండి. అది రాకపోతే నేరుగా ప్రొఫెసర్లకు మెయిల్ రాయొచ్చు. వందమందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ తెరవరు. ఐదుగురిని ఎంచుకుని, ఒక్కొక్కరి పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థమైన ఒక రియాక్షన్ గురించీ అర్థం కాని ఒక స్టెప్ గురించీ రెండు వాక్యాలు రాయండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు రాగలరో తేదీలు వేయండి. రెండు వారాలకీ జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి, అంతే.

దూరం వెళ్లడం కుదరనివాళ్లు దిగులు పడొద్దు. నేను కింద చెప్పే పనికి కావాల్సినవి మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో దాదాపు అన్నీ ఉంటాయి. మేడం లేదా సార్ పక్కన ఉండాలి, అది మాత్రం తప్పనిసరి. ఇంట్లో చేసే పని కాదిది.

ఏ రియాక్షన్‌తో మొదలుపెట్టాలి

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది క్యాన్సర్ మందు తయారు చేస్తామంటారు. ఆ ఉత్సాహం నాకు ఇష్టమే. కానీ మొదటి నెల చాల్కోన్ అనే పసుపు రంగు పదార్థం చేయిస్తాను. ఆల్డిహైడ్, కీటోన్ రెండింటినీ బేస్ (క్షారం) సాయంతో కలిపే క్లైజన్-ష్మిట్ రియాక్షన్ ఇది. చవక, పైగా ఒక్క పూటలో అయిపోతుంది. మొక్కలు కూడా పూలకు రంగునిచ్చే ఫ్లేవనాయిడ్లను చాల్కోన్ మీదుగానే కట్టుకుంటాయి. మాది పత్తి పండే పల్నాడు. పొద్దున లేత పసుపుగా విచ్చుకున్న పత్తిపువ్వు మర్నాటికి గులాబీ రంగుకు తిరగడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ పువ్వుల్లోని రంగు పదార్థాల మీద వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి గారు స్వాతంత్ర్యానికి ముందే పరిశోధన చేశారని తెలిసిన రోజు, నా ఫ్లాస్కులో తిరుగుతున్న పసుపు నాకు మా చేలో పసుపులాగే కనిపించింది.

నేను చేసినది 4-మెథాక్సీ చాల్కోన్. అసిటోఫినోన్ 5 మిల్లీమోల్స్ అంటే 0.60 గ్రాములు, అనిసాల్డిహైడ్ 5 మిల్లీమోల్స్ అంటే 0.68 గ్రాములు. రెండూ పూర్తిగా రియాక్ట్ అయితే, నీళ్లుగా విడిపోయేది పోగా 1.19 గ్రాముల ప్రాడక్ట్ రావాలి. ఈ లెక్క బాలెన్స్ దగ్గరికి వెళ్లకముందే నోట్‌బుక్‌లో ఉండాలి. పద్ధతి కోసం వెతికేటప్పుడు 1921 నుంచి వస్తున్న ఆర్గానిక్ సింథసెస్ అనే ప్రచురణను ముందు చూడండి. ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో వేసే ప్రతి పద్ధతినీ ఇంకో ల్యాబ్‌లో చేసి చూశాకే అచ్చు వేస్తారు. మామూలు చాల్కోన్‌ను బెంజాల్ అసిటోఫినోన్ అనే పాత పేరుతో అందులో చూడొచ్చు.

ముందు బట్టలు, తర్వాత బాటిళ్లు

2008 డిసెంబర్‌లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో, గాలి తగిలితేనే మండే టెర్షియరీ బ్యూటైల్ లిథియంను సిరంజితో తీస్తుండగా మంటలు లేచి 23 ఏళ్ల అమ్మాయి ఒంటికి అంటుకున్నాయి. ల్యాబ్ కోటు వేసుకోలేదు, ఒంటి మీద సింథటిక్ స్వెటర్ ఉంది. రెండు వారాలు దాటాక చనిపోయింది. మా పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు మారుతుంది. నేను వెళ్లిన మొదటిరోజు పాలిస్టర్ చున్నీ వేలాడేసుకునే ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే అర) ముందు నిలబడ్డాను. నూలు బట్టలు, ఒంటిమీద కోటు, కళ్లజోడు, పాదాన్ని పూర్తిగా కప్పే బూట్లు ఉండాలి. చున్నీ బయట పెట్టి రండి, జుట్టు ముడి వేసుకోండి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఫోన్ ముట్టుకోకండి, తలుపు గడియ పట్టుకోకండి. డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్ నైట్రైల్ గ్లవ్స్‌లోంచి నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది, మీద పడితే వెంటనే మార్చేయండి.

ఈ రియాక్షన్‌లో అసలు భయపడాల్సింది సోడియం హైడ్రాక్సైడ్‌కి. కంట్లో ఒక్క చుక్క పడినా పదిహేను నిమిషాలు ధారగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ద్రావణం చేసేటప్పుడు గుళికలను నీళ్లలో కొంచెం కొంచెంగా వేయండి, బాగా వేడెక్కుతుంది.

ఫ్లాస్కులో ఏం జరుగుతుంది

చిన్న ఆర్బీ (గుండ్రటి అడుగున్న) ఫ్లాస్కులో అసిటోఫినోన్, అనిసాల్డిహైడ్ రెండూ తూచి, 5 మిల్లీలీటర్ల ఇథనాల్ పోసి, మాగ్నెట్ వేసి, ఐస్ బాత్‌లో తిప్పండి. పది శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 2 మిల్లీలీటర్లు చుక్క చుక్కగా వదలండి. తర్వాత ఐస్ తీసేసి గది ఉష్ణోగ్రతలో వదిలేయండి.

ఇక్కడ ఫోన్ పక్కన పెట్టి ఫ్లాస్కును చూడండి. నాది ముందు నీళ్లలా తేటగా ఉంది. బేస్ సగం పడేసరికి లేత పసుపు తిరిగింది. నలభై నిమిషాలకు అడుగున మబ్బు పట్టినట్టయింది. ఆ తర్వాత ఐదు నిమిషాల్లో మొత్తం చిక్కబడి, మాగ్నెట్ తిరగలేక ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. ఈ మార్పులన్నీ టైముతో సహా రాసుకున్నాను. "రంగు మారింది" అంటే చాలదు, ఏ రంగు నుంచి ఏ రంగుకి, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి అని ఉండాలి. ఒక్కోసారి గడ్డ కట్టకుండా నూనెలా అడుగున చేరుతుంది. కంగారు పడకుండా చల్లార్చి, గాజు కడ్డీతో ఫ్లాస్కు గోడను లోపల గీరండి. గీత పడ్డ చోటి నుంచి స్ఫటికాలు మొదలవుతాయి.

రియాక్షన్ అయిందా లేదా అన్నది కంటితో తేల్చకూడదు, టీఎల్‌సీ పెట్టాలి. అంటే సిలికా పూసిన ప్లేట్ మీద చుక్కలు పెట్టి, సాల్వెంట్ పైకి పాకుతుంటే పదార్థాలు విడిపోవడం చూడాలి. ప్లేట్ అడుగు నుంచి ఒక సెంటీమీటర్ ఎత్తులో పెన్సిల్‌తోనే గీత గీయండి. పెన్నుతో గీస్తే ఇంకు కూడా సాల్వెంట్‌తో పాటు పైకి పాకుతుంది. రియాక్షన్ మిశ్రమాన్ని నేరుగా పెడితే బేస్ వల్ల స్పాట్ సాగిపోతుంది. చిన్న వయల్‌లో రెండు చుక్కల మిశ్రమం, కాస్త నీళ్లు, కాస్త ఇథైల్ ఎసిటేట్ వేసి ఊపి, పై పొర నుంచి క్యాపిలరీతో తీసుకోండి. ఎడమ పక్క స్టార్టింగ్ ఆల్డిహైడ్, కుడి పక్క రియాక్షన్, మధ్యలో రెండూ ఒకే చోట. ఆ మధ్యదే కో-స్పాట్.

నేను మొదటిసారి మధ్యది పెట్టలేదు. హెక్సేన్‌లో పది శాతం ఇథైల్ ఎసిటేట్ కలిపి నడిపాను. యూవీ ల్యాంప్ కింద రెండు పక్కలా దాదాపు ఒకే ఎత్తులో నల్లటి మచ్చలు కనిపించేసరికి రియాక్షన్ అసలు జరగలేదని ఏడుపొచ్చినంత పనైంది. పీహెచ్‌డీ చేస్తున్న అన్న వచ్చి చూశాడు.

"కో-స్పాట్ పెట్టావా అమ్మా?"

"లేదన్నా. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి కదా."

"ఒకే ఎత్తులో ఉన్నంత మాత్రాన ఒకటే అవుతాయా? ఒకదాని మీద ఒకటి వేసి నడిపించు. రెండైతే విడిపోతాయి, లేదా మచ్చ నిలువుగా సాగుతుంది. అప్పుడు రాయి."

వేసి నడిపాను. మధ్య మచ్చ వేరుశనగ కాయలా నడుమ నొక్కుకుని వచ్చింది. అంటే రెండు పదార్థాలు. ప్లేట్ బొమ్మను మచ్చల ఆకారంతో సహా నోట్‌బుక్‌లో గీసి, పక్కన సాల్వెంట్ నిష్పత్తి రాశాను. ఇన్నేళ్లయినా ప్లేట్ చూసినప్పుడల్లా ముందు మధ్య మచ్చనే చూస్తాను.

తూకం దగ్గర నిజాయితీ

గడ్డకట్టినదాన్ని చల్లటి నీళ్లలో కలిపి బుక్నర్ ఫన్నెల్ మీద వడకట్టండి. కిందకి దిగే నీళ్లకు ఎర్ర లిట్మస్ నీలంగా మారడం ఆగేదాకా కడగండి. చివర్లో కాస్త చల్లటి ఇథనాల్. కొన్ని రియాక్షన్లకు సెపరేటింగ్ ఫన్నెల్ వాడాల్సి వస్తుంది. అప్పుడు ఏ పొరా పారబోయకండి, ప్రాడక్ట్ చేతికొచ్చి ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చెప్పే స్పెక్ట్రమ్) చూసేదాకా రెండు పొరలూ పేర్లు రాసి అట్టిపెట్టండి. ఇథైల్ ఎసిటేట్ నీళ్ల మీద తేలుతుంది, డైక్లోరోమీథేన్ నీళ్ల కింద ఉంటుంది.

వడకట్టిన పది నిమిషాలకే నేను తూచాను. 1.31 గ్రాములు. రావాల్సినదే 1.19 కదా! నూటపది శాతం. భయమేసి, ఎవరూ చూడకముందే 1.08 అని రాద్దామని పెన్ను తీశాను. అన్న వెనకే ఉన్నాడు. "1.31 అనే రాయి. పక్కన తడిగా ఉంది అని కూడా రాయి" అన్నాడు. కసరలేదు. రాత్రంతా డెసికేటర్ అనే తేమ పీల్చే గాజు పాత్రలో ఆరబెట్టి, మర్నాడు ఇథనాల్‌లో రీక్రిస్టలైజ్ చేసి (వేడిగా కరిగించి, చల్లార్చి మళ్లీ స్ఫటికాలుగా తీసి), మళ్లీ ఆరబెట్టి తూస్తే 0.98. అంటే 82 శాతం. రెండు అంకెలూ ఆ పేజీలో ఉన్నాయి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి, కింది అక్షరం కనపడేలా ఉంచి, పక్కన సరైనది రాయండి. కాగితం చింపకండి, వైట్‌నర్ పూయకండి. 0.60 తూయబోతే 0.612 వస్తే 0.612 అనే రాయండి.

తర్వాత మెల్టింగ్ పాయింట్ చూడండి. నాది 74 నుంచి 76 డిగ్రీల మధ్య కరిగింది. రెండు డిగ్రీల్లోపు కరిగితే పదార్థం శుభ్రంగా ఉన్నట్టు. కాలేజీలో ఎన్‌ఎంఆర్ లేకపోతే దగ్గరి యూనివర్సిటీకి పంపమని మేడంని అడగండి. స్పెక్ట్రమ్ రాగానే 3.85 పీపీఎం దగ్గర మూడు ప్రోటాన్ల సింగ్లెట్ (ఒంటి గీత) వెతకండి, అది మెథాక్సీ. తర్వాత 7.78 దగ్గర డబ్లెట్ (జంట గీతలు). దాని రెండు గీతల మధ్య దూరాన్ని మెషీన్ మెగాహెర్ట్జ్‌తో గుణించండి. 400 మెషీన్‌లో 0.039 దూరం ఉంటే 15.6 హెర్ట్జ్. డబుల్ బాండ్ ట్రాన్స్ అని, అంటే దాని మీది రెండు హైడ్రోజన్లు ఎదురెదురు పక్కల ఉన్నాయని చెప్పేది ఈ అంకే.

నా స్పెక్ట్రమ్‌లో 1.25 దగ్గర ఒక ట్రిప్లెట్ (మూడు గీతలు), 3.72 దగ్గర ఒక క్వార్టెట్ (నాలుగు గీతలు) అదనంగా ఉన్నాయి. కొత్త పదార్థమేదో కనిపెట్టానని ఒక పూటంతా ఊహించుకున్నాను. అది సరిగ్గా ఆరని ఇథనాల్. ఇథైల్ ఎసిటేట్ అయితే 1.26, 2.05, 4.12 దగ్గర, ట్యూబ్ కడిగిన అసిటోన్ అయితే 2.17 దగ్గర కనిపిస్తాయి. ఈ అంకెలు చీటీ మీద రాసి బల్లకి అంటించుకోండి.

రెండోసారి రాకపోతే

మూడో వారంలో అదే రియాక్షన్ మళ్లీ చేస్తే 41 శాతమే వచ్చింది. అన్నీ అలాగే చేశాను. రెండు రోజులు నిద్రపట్టలేదు, నాకు చేతకాదేమో అనిపించింది. అప్పుడు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి వరుసగా చదివాను. ఒక్క తేడా దొరికింది. మొదటిసారి కొత్త అనిసాల్డిహైడ్ బాటిల్, రెండోసారి ఎప్పుడో తెరిచిన పాత బాటిల్. అల్మారా తీసి చూస్తే ఆ బాటిల్ మెడ దగ్గర తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. ఆల్డిహైడ్ గాలికి ఆక్సీకరణ చెంది అనిసిక్ ఆమ్లంగా మారింది. తూచిన దాంట్లో ఆల్డిహైడ్ తక్కువ, పైగా ఆ ఆమ్లం కొంత బేస్‌ని తినేసింది. ఈథర్‌లో కరిగించి, సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో కడిగి, ఆరబెట్టి, తక్కువ పీడనంలో డిస్టిల్ చేసి వాడితే మళ్లీ ఎనభై దాటింది. ఏ బాటిల్ వాడానన్నది రాసి ఉండకపోతే ఇది ఎప్పటికీ దొరికేది కాదు. కంపెనీ పేరు, లాట్ నంబర్, తెరిచిన తేదీ మూడూ రాయండి. తక్కువ వచ్చిన రియాక్షన్ పేజీని ఎక్కువ వచ్చినదానికంటే వివరంగా రాయండి.

ఆఖరి వారం కొత్త రియాక్షన్ పెట్టకండి. నోట్‌బుక్ ల్యాబ్‌దే, అక్కడే వదిలి రావాలి. స్పెక్ట్రాల కాపీలు కావాలంటే సార్‌ని అడిగి తీసుకోండి. మిగిలిన పదార్థాన్ని వయల్స్‌లో పోసి, ఒక్కోదాని మీద మీ కోడ్, పేజీ నంబర్, బరువు, తేదీ రాయండి. పెన్సిల్‌తో రాసి పైన టేప్ అంటించండి, సాల్వెంట్ తగిలితే పెన్ను అక్షరాలు చెరిగిపోతాయి.