వినైల్ సైడింగ్‌లో మేకు ఎలా కొట్టాలి?

అమెరికాలోని చెక్క ఇళ్లకు వినైల్ సైడింగ్ (బయటి గోడలకు తొడుగుగా వేసే ప్లాస్టిక్ పలకలు) వేయడానికి సుత్తి, లెవెల్ (రసమట్టం), రేకు కత్తెర, జిప్ టూల్ (తగిలించిన పలకలను విప్పే కొక్కెం), తుప్పు పట్టని రూఫింగ్ మేకులు ఉంటే చాలు. వినైల్ వెనక్కి వాన నీరు ఎప్పుడూ కొంత చేరుతూనే ఉంటుంది కాబట్టి ముందుగా హౌస్ ర్యాప్ (గోడకు చుట్టే, నీరు చొరని పొర), ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే రేకు) వేసి, ఆ తరువాత మూలల్లో కార్నర్ పోస్టులు, కిటికీల చుట్టూ జె-ఛానల్ (పలక అంచు దూరే గాడి పట్టీ), గోడ అడుగున స్టార్టర్ స్ట్రిప్ (మొదటి వరుసను తగిలించే పట్టీ) అమర్చండి. స్ట్రిప్ లెవెల్ తప్పితే పైవరకూ ప్రతి వరుసా వంకరే.

ఇక అసలు సంగతి మేకు. పన్నెండున్నర అడుగుల పలక ఎండకూ చలికీ అర అంగుళం దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకే దాని రంధ్రాలు గుండ్రంగా కాక పొడవుగా ఉంటాయి. మేకును రంధ్రం నడిమధ్యన నిటారుగా దించి, మేకు తలకూ పలకకూ మధ్య 1/32 అంగుళం, అంటే క్రెడిట్ కార్డు మందమంత, సందు వదలాలి. న్యూజెర్సీలో మా ఇంటికి మొదటిసారి సైడింగ్ వేసినవారు మేకులను పూర్తిగా బిగించి వెళ్లారు. ఆ జులైలోనే దక్షిణపు గోడ అలలు అలలుగా ఉబ్బింది. పలక విప్పి చూస్తే, ప్రతి మేకు తల కిందా వినైల్ సొట్టపడి ఉంది.

నెయిల్ గన్‌ను (మేకులు కొట్టే యంత్రాన్ని) ఈ పనికి వాడకపోవడమే మేలు. ఎంత దిగాలో చేతికి తెలిసినట్టు యంత్రానికి తెలియదు. పలకను కింది వరుసలో టక్కుమనేలా తగిలించాక, పైకి లాగి పట్టుకోకుండా, 16 అంగుళాలకొకటి చొప్పున మేకులు కొట్టండి. రెండు చివర్లలోనూ ఛానల్ లోపల పావు అంగుళం ఖాళీ ఉండాలి; 40 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లని రోజున పని చేస్తుంటే 3/8 అంగుళం వదలండి. పలకలు కలిసే చోట ఒకదానిపై ఒకటి అంగుళం మేర రావాలి, ఆ అతుకును ఇంట్లోకి వచ్చే దారి నుంచి కనబడని వైపుకు తిప్పాలి.

వినైల్ కంటే ఫైబర్ సిమెంట్ (సిమెంటులో నార కలిపి చేసిన పలకలు) మేలనేవారు దాని బరువునూ, కోసేటప్పుడు లేచే సిలికా దుమ్మునూ, కొన్నేళ్లకోసారి వేయవలసిన రంగునూ లెక్కలోకి తీసుకోవడం లేదు. సరిగా వేసిన వినైల్‌కు రంగు అక్కరలేదు. అయితే, ఎదురింటి లో-ఇ (వేడిని తిప్పికొట్టే పూత ఉన్న) కిటికీ అద్దం నుంచి ఎండ తిరిగి పడే గోడకు మాత్రం దీన్ని వేయకండి, కరిగి వంకరపోతుంది.

ప్రతి పలకా కొట్టిన వెంటనే రెండు చేతులతో పట్టుకుని పక్కకు జరిపి చూడండి. కదలకపోతే పై వరుస వేయకముందే మేకులను కాస్త వెనక్కి లాగండి.