గరాటు పువ్వును తలకిందులు చేస్తే: కన్వాల్వులేసి కుటుంబం, మూడవ పాఠం

గత పాఠంలో బాలబంద, లొట్టపీసు వంటి మొక్కలుండే కన్వాల్వులేసి కుటుంబపు పువ్వులను గీసి పంపమన్నాను. వాటి గుర్తుగా "గరాటు ఆకారపు పువ్వు" అని నేను నొక్కి చెప్పిన మాటే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది. మీరు పంపిన బొమ్మల్లో ఉమ్మెత్తలే ఎక్కువ, మధ్యలో ఒక శంఖుపుష్పం కూడా ఉంది. శంఖుపుష్పం చిక్కుడు కుటుంబానిది కనుక దాని ఊసు వదిలేస్తాను. ఉమ్మెత్త విషయంలో మాత్రం సగం తప్పు నాదే. ఏకాంతరంగా (కణుపుకు ఒకటి చొప్పున) ఉండే ఆకులు, ఆకర్షణపత్రావళికి (పూరేకుల గరాటుకు) అంటుకున్న అయిదు కేసరాలు మీకు తెలిసినవే కాబట్టి వాటిని దాటి ముందుకు వెళదాం.

ఉమ్మెత్త వంకాయ కుటుంబమైన సొలనేసికి చెందినది. సొలనేసి, కన్వాల్వులేసి రెండూ సొలనేలిస్ అనే ఒకే క్రమంలోనివి (క్రమమంటే కొన్ని కుటుంబాల గుంపు) కనుక పోలికలు ఉండటంలో వింత లేదు. తీగ అయితే కన్వాల్వులేసి, కాకపోతే కాదు అని తేల్చేయడానికీ వీల్లేదు, ఎందుకంటే గెడ్డల గట్ల మీద గుబురుగా నిలిచి పెరిగే లొట్టపీసు కన్వాల్వులేసి కుటుంబానిదే. మొగ్గను నమ్ముకున్నా లాభం లేదు; ఉమ్మెత్త మొగ్గ కూడా మడిచిన గొడుగులా మెలితిరిగే ఉంటుంది.

అందుచేత పువ్వును తలకిందులుగా పట్టుకోండి. ఉమ్మెత్తలో రక్షకపత్రాలు (పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ రేకులు) కలిసిపోయి పొడవైన గొట్టమవుతాయి. కొసన మాత్రమే అయిదు పళ్ళు కనిపిస్తాయి. కన్వాల్వులేసికి చెందిన, రుషికొండ సముద్రతీరపు ఇసుకలో పాకే బాలబంద తీగలో అయిదు రక్షకపత్రాలూ ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద మరొకటి కప్పుకొని ఉంటాయి, సూదిమొనతో ఒక్కొక్కటిగా విడదీయవచ్చు. పువ్వు రాలాక ఉమ్మెత్త గొట్టం తెగిపోయి, దాని అడుగు ముక్క మాత్రం ముళ్ళకాయ కింద పట్టీలా మిగులుతుంది. బాలబందలో అయిదు రక్షకపత్రాలూ కాయను అంటిపెట్టుకొనే ఉంటాయి. ఆ కాయలో గింజలు నాలుగుకు మించవు, ఎందుకంటే రెండు గదుల అండాశయంలో గదికి రెండు అండాలే (గింజలుగా మారేవి) ఉంటాయి. ఉమ్మెత్త కాయ పగిలితే గింజలు గుప్పెడు రాలతాయి.

నేనైతే ముందు కాడ గిల్లి చూస్తాను. బాలబందలో తెల్లని పాలు వస్తాయి, ఉమ్మెత్తలో రావు. పాలు జిల్లేడుకూ ఉన్నాయి కనుక ఇది దగ్గరి దారే తప్ప రుజువు కాదు.

అభ్యాసం: మరునాడు విచ్చబోయే బాలబంద మొగ్గ కాడకు సాయంత్రం రంగు దారం కట్టి, తెల్లవారకముందే అక్కడికి చేరుకొని, పువ్వు విచ్చినప్పటి నుంచి ముడుచుకునే వరకు గంటకొక బొమ్మ గీయండి. కాయ ఎండే వరకు దారం విప్పవద్దు. ఉమ్మెత్తను తాకినవారు చేతులు కడుక్కున్న తరువాతే పెన్సిలు పట్టాలి.