వీల్‌చైర్ కుషన్ సమస్యలు: ముందు మచ్చ ఎక్కడుందో చూడండి

"ఏ కుషన్ కొనమంటారు?" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను అడిగేది ఒకటే: "మచ్చ ఎక్కడొచ్చింది?" అవతలివాళ్లకి చిరాకేస్తుంది. డబ్బు పెట్టడానికి సిద్ధపడి ఫోన్ చేస్తే ఈయన ఎదురు ప్రశ్నలేంటని. కానీ కూర్చున్నచోట ఒత్తిడికి చర్మం మీద పడే ఆ మచ్చే ఒత్తిడి పుండుకి (ప్రెషర్ సోర్) మొదలు, అది పడిన చోటుని బట్టే కారణం తెలుస్తుంది. చాలాసార్లు తప్పు కుషన్‌ది కానే కాదు.

నేను వీల్‌చైర్ ఎక్కి పదకొండేళ్లు. నడుము కింద స్పర్శ లేదు. మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. కింద రాసినవాటిలో సగం నా ఒంటి మీద నేర్చుకున్నవే.

మచ్చని ఎలా చూడాలి

పొద్దున కుర్చీ ఎక్కేముందు ఒకసారి, రాత్రి మంచం మీదకి మారాక ఒకసారి. చూసేవాళ్లు లేకపోతే ఫోన్‌తో ఫొటో తీసుకోండి, తేదీ అదే పడుతుంది. "ఎర్రగా ఉంటుంది" అని అందరూ చెబుతారు గానీ, చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగానో ఊదాగానో ఉందా, చేత్తో తాకితే పక్కచోటు కంటే వేడిగా, గట్టిగా లేదా మెత్తగా ఉందా, అది చూడాలి. ఎరుపు కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగొస్తే ఇంకా రక్తం ఆడుతోందన్నమాట. నొక్కినా రంగు మారకపోతే, లేదా బరువు తీసి అరగంటైనా మచ్చ పోకపోతే, అది మొదటి దశ పుండు. చర్మం చిట్లలేదు కదా అని ఊరుకోకండి.

లక్షణం: పిర్రల కింద, కూర్చునే ఎముకల దగ్గర రెండువైపులా మచ్చ

కారణం: కుషన్ అడుగంటింది. ఎముక కుషన్‌లోంచి దిగిపోయి సీటుకి తగులుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వీల్‌చైర్ శిక్షణలో నేర్పే పరీక్ష ఒకటుంది, ఖర్చు లేనిది. మీరు కూర్చున్నాక ఇంకొకరు వేళ్లు పైకి పెట్టి కుషన్‌కీ పిర్రకీ మధ్య చెయ్యి దూర్చి, ఎముక కిందకి పోనివ్వాలి. వేళ్లు పైకీ కిందకీ అర సెంటీమీటరైనా ఆడితే పర్వాలేదు. ఆడకపోయినా చెయ్యి సులువుగా బయటికొస్తే జాగ్రత్త పడాలి. వేళ్లు నలిగిపోయేలా ఇరుక్కుంటే ఆ కుషన్ మీద కూర్చోకూడదు. రెండు పక్కలా చూడాలి.

స్పాంజి కుషన్ అయితే దిగి చూడండి. మీ ఆకారం అలాగే గుంటపడి, కాసేపటికి కూడా పైకి లేవకపోతే దాని ఆయుష్షు తీరినట్టే. గుంటలు చెక్కిన కుషన్‌ని ఉతికాక ముందువైపు వెనక్కి తిప్పి పెట్టేయడం కూడా మామూలే. పిర్రల గుంట వెనక ఉండాలి. నేను రెండు రోజులు అలా తిరగేసిన కుషన్ మీదే కూర్చున్నాను. జెల్ కుషన్‌లో జెల్ పక్కలకి జారిపోతుంది, రోజూ చేత్తో మధ్యకి పిసికి తేవాలి.

గాలి కుషన్‌లో తిరకాసు ఎక్కువ. గాలి తక్కువైతే అడుగంటుతుంది, ఎక్కువైనా అంతే ప్రమాదం. బంతిలా బిగిసిపోయి పిర్ర లోపలికి దిగదు, బరువంతా ఎముక మొనమీదే నిలుస్తుంది. మా ఇంట్లో అందరూ "నిండుగా కొట్టించు" అనేవాళ్లే, సైకిల్ టైరు అనుకుని. సరైన పద్ధతి: ముందు ఎక్కువ గాలి నింపి, ఎక్కి కూర్చుని, కిందకి చెయ్యి పెట్టించి అన్నిటికంటే కిందున్న ఎముకని పట్టుకుని, వాల్వు తిప్పి కొద్దికొద్దిగా వదలడం. ఎముకకీ అడుగుకీ మధ్య అరంగుళం నుంచి అంగుళం సందు మిగిలినప్పుడు ఆపాలి. రోజూ గాలి తగ్గుతుంటే కుషన్‌ని నీళ్ల టబ్బులో ముంచి నొక్కండి. బుడగలొచ్చిన చోటే పంక్చర్.

ఊరు మారితే

ఇది బెంగళూరు తెలుగువాళ్లకి ప్రత్యేకం. ఒక సంక్రాంతికి నెల్లూరు వెళ్లి అక్కడే గాలి సరిచేయించుకున్నాను. రాత్రి బయల్దేరి పొద్దునకి బెంగళూరు. మర్నాటికి రెండు పిర్రల మీదా మచ్చలు. కుషన్ పాడైందనుకుని కొత్తదానికి బేరాలాడుతుంటే మా ఫిజియో నవ్వింది. నెల్లూరు దాదాపు సముద్రమట్టంలో ఉంది, బెంగళూరు 900 మీటర్లకి పైన. ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు పదోవంతు తక్కువ. ఘాట్ రోడ్డెక్కితే చిప్స్ ప్యాకెట్ ఉబ్బినట్టే మూసి ఉన్న కుషన్ కూడా ఉబ్బుతుంది. తిరుగు ప్రయాణంలో ఉల్టా: ఇక్కడ సరిగ్గా ఉన్నది విజయవాడలోనో చెన్నైలోనో మెత్తబడి అడుగంటుతుంది. ఊరు చేరగానే చెయ్యి పెట్టి చూడాల్సిందే.

లక్షణం: ఒక పక్కే మచ్చ

కారణం కుషన్ కింద వెతకండి. మడిచే కుర్చీల బట్ట సీటు కొన్నాళ్లకి ఉయ్యాలలా సాగుతుంది, ఎంత ఖరీదైన కుషన్ వేసినా దాంతోపాటే వంగుతుంది. నడుము ఒక పక్కకి ఒరిగి ఆ పిర్ర మీదే భారం పడుతుంది. కుషన్ కింద సరిపడా కోసిన ప్లైవుడ్ ముక్క వేయండి. సీటు కాస్త ఎత్తవుతుంది కాబట్టి ఫుట్‌రెస్టులు మళ్లీ సరిచేయాలి. రెండు ఫుట్‌రెస్టులూ ఒకే ఎత్తులో ఉన్నాయా? వెనక జేబులో పర్సుందా? వెన్ను వంకర తిరిగి ఉంటే మాత్రం ఇంటి వైద్యం కుదరదు, కుర్చీ అమరిక తెలిసినవాళ్లు కొలవాలి.

లక్షణం: తోకెముక మీద మచ్చ

కారణం: ముందుకి జారి కూర్చోవడం. సీటు లోతు ఎక్కువైనా, ఫుట్‌రెస్టులు అందకపోయినా నడుము జారుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. పిర్రలు వెనక ఆనేదాకా జరిగి కూర్చోండి. మోకాలి వెనక సీటు అంచుకి రెండు మూడు వేళ్ల సందుండాలి. ఇంకో అనుమానితుడు మంచం. తలవైపు ఎత్తు పెట్టుకుని గంటలకొద్దీ టీవీ చూస్తే అక్కడా జారుడే. 30 డిగ్రీలకి మించి ఎత్తు పెట్టకండి.

లక్షణం: ఎముక లేని చోట, తొడ మడతల్లో చర్మం నానిపోవడం

తడి. రెక్సిన్ తొడుగో, మూత్రం లీకో, చెమటో. సాగే, గాలాడే బట్ట తొడుగు వాడండి. దాని మీద ప్లాస్టిక్ షీటు, మడిచిన తువ్వాలు, బొంత వద్దు. మా అమ్మ ప్రేమగా పరిచిన నాలుగు మడతల దుప్పటి వల్ల కుషన్ పని కుషన్ చేయలేకపోయింది.

లక్షణం: కుర్చీ, కుషన్ రెండూ బాగానే ఉన్నా మచ్చలు

అయితే మీరు కూర్చునే మిగతా చోట్లు లెక్కపెట్టండి. కమోడ్ కుర్చీ, స్నానం స్టూలు, కారు సీటు. సిల్క్‌బోర్డ్ దగ్గర గంటన్నర కదలని క్యాబ్‌లో మీ కుషన్ డిక్కీలో ఉంటే దాని వల్ల ఏం లాభం?

బరువు మార్చడం కూడా ఇక్కడే చూసుకోవాలి. ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి మార్చాలి. చేతుల మీద లేచి ఐదు సెకన్లకి కూలబడితే చాలదు, రక్తం మళ్లీ సరిగ్గా చేరడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. అంతసేపు చేతుల మీద ఎవరుంటారు? తొడల మీదకి ముందుకి వంగండి, లేదా ఒక్కో పక్కకి ఒరగండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

చర్మం చిట్లితే

ఆ పుండు మీద బరువు వేసి కూర్చుంటే ఏ కుషనూ దాన్ని మాన్పదు. బరువు పూర్తిగా తీసి డాక్టర్‌కి చూపించండి. పసుపు, పౌడరు, స్పిరిట్ వద్దు. చుట్టూ మర్దనా చేయకండి, కింద దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. ట్యూబులా మధ్యలో రంధ్రమున్న రింగు మీద అసలు కూర్చోకండి, అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది. దుర్వాసన, చీము, జ్వరం, నల్లటి పొర కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి. వెన్నెముకలో ఛాతీ ఆరో పూస (T6) దగ్గరో ఆ పైనో దెబ్బ తగిలినవాళ్లకి ఇలాంటి పుండు వల్ల కూడా ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం మీద చెమటలు, బీపీ పెరగడం మొదలైతే అది అత్యవసరం. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, కాథెటర్ (మూత్రం గొట్టం) మడతపడిందేమో చూస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇక కొనాల్సి వస్తే

స్పాంజి తేలిక, కూర్చుంటే కదలదు, చవక. స్పర్శ ఉండి, పుండ్ల చరిత్ర లేనివాళ్లకి చాలు. జెల్ బరువు, కారెక్కించేవాళ్లని అడిగి కొనండి, ఎండలో వదిలేస్తే కాలుతుంది. స్పర్శ లేక, కండ కరిగి, ఇదివరకే పుండు వచ్చినవాళ్లకి నా ఓటు గాలి కుషన్‌కే, రోజూ చెయ్యి పెట్టి చూసే మనిషి ఇంట్లో ఉంటేనే. నడుము నిలవనివాళ్లకి అది ఊగిసలాడుతుంది. బెంగళూరులో లింగరాజపురంలోని ఏపీడీ (అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజేబిలిటీ), జేపీ నగర్‌లోని మొబిలిటీ ఇండియా వీల్‌చైర్ వాడేవాళ్లతో ఏళ్లుగా పనిచేస్తున్నాయి, కొనేముందు అక్కడ అడగండి.

మొదటి రోజు గంట కూర్చుని దిగి చూడండి, మచ్చ లేకపోతే మర్నాడు రెండు గంటలు. గాలిదైతే పంపు, ప్యాచ్‌లు కూడా అడిగి తీసుకోండి, పంక్చర్ పడేది ఆదివారమే.