పుండు మందు ట్రయల్‌ను నమ్మే ముందు జాగ్రత్తలు

శ్రీకాకుళం వార్డుల్లో షుగర్ పుళ్లకు రోజూ కట్లు కట్టే నర్సులు, పీజీలు కొత్త డ్రెస్సింగ్ గురించి పరిశోధన పేపర్ చదివేటప్పుడు ఇవి చూడండి. ఇలాంటి ట్రయల్‌లో రోగులను రెండు గుంపులు చేసి, ఒకదానికి కొత్త మందు, ఇంకోదానికి పాతది వాడి పోలుస్తారు.

- తర్వాతి రోగి ఏ గుంపులో పడతారో చేర్చుకునే డాక్టరుకు ముందే తెలియకూడదు. ఓపీ నంబరు సరి, బేసి చూసి పంచితే అది రాండమైజేషన్ (లాటరీ తీసినట్టు పంచడం) కాదు. తెలిస్తే, త్వరగా మానేలా ఉన్న చిన్న పుండును నచ్చిన మందు వైపు నెట్టడం చాలా సులువు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. ఇక్కడ లోపముంటే మిగతా పేపర్ ఎంత బాగున్నా నమ్మకండి.

- పుండు సైజు, పుండు ఎన్నాళ్లుగా ఉందన్నది, కాలికి రక్తప్రసరణ రెండు గుంపుల్లోనూ దగ్గరగా ఉండాలి.

- తేనె పట్టీ అయితే వాసనకే తెలిసిపోతుంది, రోగికి దాచలేం. కనీసం కొలిచేవారికి తెలియకూడదు. పుండు కడిగి, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటోను వేరేవాళ్లు చూడాలి.

- ‘మానింది’ అంటే చర్మం పూర్తిగా మూసుకుని, రసి లేకుండా, రెండు వారాల తర్వాత కూడా అలాగే ఉండాలి.

- మధ్యలో రానివాళ్లను లెక్కలోంచి తీసేశారా? మన తీరంలో వేట కోసం గుజరాత్ వెళ్లిపోయేవాళ్లు ఎందరో. వాళ్లనూ మొదట పడిన గుంపులోనే లెక్కించాలి.

- సీటీఆర్‌ఐలో (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదు తేదీ, మొదటి రోగిని చేర్చిన తేదీకి ముందుండాలి.